కానుగ నీడ

నీడ వచ్చి కాలి బొటనవేలికి తగలగానే పెద్దక్క లేచేది. ముద్ద నోటిదాకా వచ్చినా, మాట సగంలో ఉన్నా ఆగేది కాదు. సత్తుగిన్నె ఎడమచేతిలోకి మారేది, కుడిచేయి మోకాలి మీద ఆనేది, చిన్న మూలుగుతో మనిషి నిలబడేది. నాలుగడుగులు తూర్పుకు జరిగి మళ్లీ ఎండలో చతికిలబడి, విడిచిన మాటను విడిచిన చోటే అందుకునేది. ఆమె లేస్తే వాడ మనుషులంతా లేచేవాళ్లు.

ఊరికీ బెళుగుప్ప రోడ్డుకూ మధ్య కరువు పని కింద బాట వేస్తున్నారు. వరసగా మూడో ఏడు కూడా వేరుసెనగ విత్తనం మట్టిలోనే మాడిపోయాక, భూమి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే గుంతలోకి దిగారు. కూలి కింద గోధుమలు ఇస్తున్నారు. మగవాళ్లు గడ్డపారలతో గరుసు మట్టి పెళ్లగిస్తే, ఆడవాళ్లు గంపల్లో మోసుకుపోయి బాట మీద పోస్తారు. కంటికి ఆనినంత మేర ఒక్కటే చెట్టు, కానుగ. చైత్రంలో కొత్తగా చిగిర్చి, ఆ ఎర్రటి నేల మీద అదొక్కటే నీళ్లు పోసుకున్నట్టు మెరుస్తూ ఉంటుంది.

మధ్యాహ్నం మేస్త్రీ ఈల ఊదగానే ఊరివాళ్లు చెట్టు మొదట్లో చేరతారు. వాడవాళ్లు తూర్పు పక్క, నీడ అంచుకు అవతల కూర్చుంటారు. పొద్దు వాలేకొద్దీ నీడ తూర్పుకు పాకుతుంది. తమ మీద ఎండ పడగానే ఊరివాళ్లు గోనెపట్టలు దులుపుకుని నీడ వెంట జరుగుతారు. వాళ్లు జరిగే లోపలే వాడవాళ్లు ఇంకా అవతలికి పోయి ఉంటారు. నీడ కాబోయే ఎండలో కూర్చోవడం, నీడ అయ్యాక లేవడం. ఎవరూ లెమ్మని అనరు. అనవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

"మన పెద్దక్క కాలి వేలికి దేవుడు గడియారం కట్టినాడు," అంది ఓబమ్మ, గోధుమ సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుంటూ. ఓబమ్మ ఏ మాటన్నా పక్కనున్న ఆడవాళ్లు నవ్వడానికి సిద్ధంగా ఉంటారు.

"నవ్వండే, నవ్వండి," అంది పెద్దక్క. "ఈ తల ఇంత నెరిసె. లేయ్ అని ఒగరి నోట పడలేదు నేను ఇంతవరకు. మా యమ్మ అట్ల పెంచింది నన్ను. మీకేం, నేను లేస్తే లేసేటోళ్లు."

హనుమక్క నవ్వలేదు. ఆమె పెద్దక్క కోడలు. ఒళ్లో అయిదు నెలల పిల్ల. అత్త ఆ మాట అన్నప్పుడల్లా ఆమె ముఖంలో కనిపించే వెలుగును హనుమక్క చూస్తూ ఉంటుంది. తిరునాళ్లలో గెలిచిన ఎద్దు గురించి చెప్పేటప్పుడు మగవాళ్ల ముఖాల్లో ఉంటుంది అలాంటి వెలుగు. లేవడంలో అంత గర్వం ఏముందో ఆమెకు అర్థమయ్యేది కాదు. కానీ అత్త లేవగానే తన మోకాళ్లు కూడా వాటంతట అవే లేచేవి. తను అనుకోకముందే లేచేవి. గంప ఎత్తుకునేటప్పుడు మొండికేసే మోకాళ్లు, దీనికి మాత్రం ఎప్పుడూ మొండికేసేవి కావు.

చెట్టు కొమ్మలకు మూడు చీర ఉయ్యాలలు వేలాడుతుంటాయి. మూడూ ఊరి పిల్లలవి. అందులో ఒకటి లక్ష్మీనరసమ్మ కొడుకుది. పది ఎకరాల రెడ్లమ్మ ఆమె. పనికి వచ్చిన మొదటి దినం కొంగు ముఖం మీదికి లాక్కుని, ఎవరూ చూడకుంటే బాగుండునన్నట్టు గంప మోసింది. ఇప్పుడు ఆ కొంగు కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. హనుమక్క పిల్ల తంగేడు పొద కింద, గోనెపట్ట మీద. పొద మీద పాత చీర ఒకటి కప్పి ఉంటుంది. గుడ్డ కింద నీడ ఉంటుంది గానీ గాలి ఉండదు. గరుసు పోసి వచ్చిన ప్రతిసారీ హనుమక్క అటు తిరిగి, చీర చివర ఎత్తి చూసి, ఖాళీ గంపతో మళ్లీ గుంతకు పోయేది. ఆగితే వెనక వచ్చేవాళ్ల వరుస చెదురుతుంది.

నాలుగు దినాలుగా పిల్ల ఒళ్లంతా చెమటకాయలు. పాలు తాగినట్టే తాగి వదిలేస్తోంది. పెద్దక్క అరచేయి పిల్ల నడినెత్తిన ఆనించి చూసింది.

"మాడు గుంత పడుతాండాది," అంది. "తడి ఆరిపోతాండాది బిడ్డలో. పాలియ్యి, పాలియ్యి."

"తాగల్ల కదత్తా."

"తాగిపియ్యల్ల."

ఆ తర్వాత హనుమక్క కూడా గంప దించిన ప్రతిసారీ ఆ చోటే తడిమేది. మెత్తటి చర్మం కింద చిన్న గుంత. తవ్వే గుంతలను మేస్త్రీ కర్ర పెట్టి కొలుస్తాడు. దీన్ని ఆమె వేలితో కొలిచేది. పొద్దున ఉన్నదానికంటే మధ్యాహ్నానికి లోతుగా అనిపించేది.

మరుసటి దినం పిల్ల పొద్దుటి నుంచీ ఏడ్చింది. గొంతు పెద్దగా లేవలేదు. తలుపు రాసుకున్నట్టు ఒకే తీరుగా, ఆగకుండా. గుంతలో ఉన్న మొగుడు సుంకన్న రెండుసార్లు గడ్డపార ఆపి తల ఎత్తాడు. రెండుసార్లూ మళ్లీ పొడిచాడు. ఈల ఊదాక హనుమక్క సంగటి ముట్టలేదు. పిల్లను ఒళ్లో వేసుకుని, కొంగు కప్పి, తూర్పు పక్క ఎండలో కూర్చుంది. పిల్ల రొమ్ము పట్టుకుని వదిలింది, పట్టుకుని వదిలింది. చివరికి వదలలేదు. దవడ ఆడింది. గొంతులో గుటక పడిన చిన్న చప్పుడు వినిపించింది. మరొకటి. తర్వాత దవడ నెమ్మదించి, పిడికిలి విప్పుకుని, పిల్ల నోట్లో రొమ్ముతోనే నిద్రపోయింది.

అప్పుడే నీడ వచ్చింది. ముందు ఆమె మోకాలి మీద, తర్వాత ఒళ్లో ఉన్న పిల్ల పాదాల మీద. ఎంత మెల్లగా వచ్చిందంటే, ఎవరో తడిగుడ్డ ఒకటి కప్పుతున్నట్టు అనిపించింది. పిల్ల నిద్రలోనే ఒక పెద్ద ఊపిరి తీసింది.

పెద్దక్క లేచింది. ఓబమ్మ లేచింది. అందరూ గిన్నెలు తీసుకున్నారు.

"లేయ్ మ్మే," అంది పెద్దక్క.

"పాప ఇప్పుడే నిద్రపోయిందత్తా."

"ఎత్తుకోని లేయ్. నిద్ర యాడికి పోతాది."

హనుమక్క లేవాలనే అనుకుంది. మోకాళ్లు బిగుసుకోవడం కూడా తెలిసింది. కానీ వాటి మీద పిల్ల ఉంది. కదిలితే రొమ్ము జారుతుంది, జారితే లేస్తుంది, లేస్తే మళ్లీ ఆ ఏడుపు. ఒక్క గుటక, ఇంకొక్క గుటక పడనీ అనుకుంది. అంతకుమించి ఆమె ఏమీ అనుకోలేదు. తర్వాత వాడలో అందరూ ఆమె ఎన్నో అనుకుందన్నారు.

లక్ష్మీనరసమ్మ గోనెపట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. రోజూ వేసుకునే చోటికి వచ్చి, మూరెడు దూరంలో ఆగిపోయింది. ఆమె వెనక వచ్చినవాళ్లూ ఆగిపోయారు. ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియలేదని హనుమక్కకు అర్థమైంది. ఎన్నడూ పలకాల్సిరాని మాట అది. తల ఎత్తకుండా వాళ్ల పాదాలే చూస్తూ కూర్చుంది. రెడ్లమ్మ పాదాలకు కూడా తన పాదాలకున్నంత ఎర్ర దుమ్మే ఉంది. వేళ్లకు మెట్టెలున్నాయి. ఎండలో ఆ వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"పాప పడుకునిందా?" అంది లక్ష్మీనరసమ్మ.

"పడుకునిందమ్మా. ఇప్పుడే."

"ఊ."

ఆ ఊ తర్వాత ఇంకొకటి వస్తుందని హనుమక్క చెవులు రిక్కించింది. రాలేదు. పాదాలు వెనక్కి తిరిగాయి. ఊరివాళ్లంతా చెట్టుకు పడమటి పక్క, ఎండలోకే పోయి కూర్చున్నారు. వాడవాళ్లు తూర్పున ఎండలో ఉన్నారు. మధ్యలో అంత నీడ, అందులో ఒక్క హనుమక్క. గెలిచినట్టు ఆమెకు క్షణం కూడా అనిపించలేదు. ఎవరింట్లోనో వాళ్లు లేనప్పుడు దూరినట్టు అనిపించింది. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోయింది. మేస్త్రీ గంగాధరప్ప ఆ దినం ఈల తొందరగా ఊదాడు.

సాయంత్రం ఇంటిదారిలో ఓబమ్మ అంది: "ఏమ్మే, నీ మోకాళ్లకు ఏమొచ్చె? పట్టుకున్న్యాయా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మరుసటి పొద్దున సుంకన్న చీకటితోనే పనికి పోయాడు. గుంతలు తవ్వల్ల రమ్మన్నారు అని మాత్రం చెప్పాడు. హనుమక్క పిల్లను చంకనేసుకుని అత్త వెంట గట్టు దాటింది. రోజూ ఆ గట్టు దాటగానే చెట్టు కనిపించేది. ఈ దినం కనిపించలేదు. దారి తప్పామా అన్నట్టు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మాను ఉంది. దాని మీద రెండు మొండి కొమ్మలు పిడికిళ్లలా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. నరికిన చోట్ల లేత పసుపు రంగు, ఇంకా తడిగా. దానికి కొద్ది దూరంలో నాలుగు గుంజల చప్పరం లేచింది. పైన కానుగ మండలన్నీ వత్తుగా పరిచి ఉన్నాయి. కింద చిక్కటి, చల్లటి, నలుపలకల నీడ. నీళ్ల కడవలు అందులోకి మారాయి. మూడు ఉయ్యాలలూ గుంజల మధ్య వాసాలకు కట్టి ఉన్నాయి.

గుంజల గుంతలు తవ్వినవాళ్లూ, గుంజలు నిలబెట్టినవాళ్లూ వాడ మగవాళ్లే. వాసాలు కట్టేదాకా దాని కిందే తిరిగారు. ఆకు పరచడం ఊరి మగవాళ్లు చేశారు. ఆకు పడ్డాక సుంకన్న వాళ్లు బయటికి వచ్చేశారు. ఆ సంగతి అతను చెప్పలేదు. మోచేతుల దాకా ఉన్న తడిమట్టి చూసి హనుమక్కే తెలుసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది, గంప అందుకుంటూ.

"ఏం చెప్పల్ల? చెబితే చెట్టు నిలబడుతాదా?" అన్నాడు సుంకన్న. గంపలోకి గరుసు మామూలుకంటే ఎక్కువ లాగాడు. తర్వాత గుర్తొచ్చినట్టు సగం తీసేశాడు.

మేస్త్రీ గంగాధరప్ప మంచిగానే మాట్లాడాడు. అతను ఎప్పుడూ మంచిగానే మాట్లాడతాడు. "పైనుంచి ఆపీసరు వస్తాండాడు. పని కాడ చప్పరం ఉండల్లని రూలు ఉండాది. ఎవురినో ఏమో అనేదానికి చేసింది కాదప్పా ఇది. చెట్టంటారా, అది ఎవురిది? ఎవురిదీ కాదు."

చెట్టు ఎవరిదీ కాదు. నిజమే. చప్పరానికి మాత్రం గుంజలున్నాయి. గుంజలుంటే లోపలా బయటా ఉంటుంది.

జీపు పదకొండు గంటలప్పుడు వచ్చింది. ఆఫీసరు చప్పరం కింద నిలబడి నీళ్లు తాగి, ఉయ్యాలలు చూసి, "పిల్లలంతా నీడలోనే ఉన్నారు కదా?" అని అడిగాడు. "అంతా సార్," అన్నాడు గంగాధరప్ప. అప్పుడు హనుమక్క గరుసు గంపతో వాళ్లకు ఎదురుగానే పోతోంది. తంగేడు పొద కూడా ఎదురుగానే ఉంది. చప్పరం బాగుందని చెప్పి ఆఫీసరు జీపెక్కాడు.

మధ్యాహ్నం వాడవాళ్లు ఎప్పటి చోటే కూర్చున్నారు. ఇప్పుడు ఆ చోటుకు నీడ రాదు. ఎంతసేపు కూర్చున్నా లేవాల్సిన పనిలేదు. ఎవరూ హనుమక్కను ముఖాన ఏమీ అనలేదు. ఓబమ్మ మాత్రం గిన్నె మూత తీస్తూ, "హాయిగా ఉండాది. ఇంగ జరిగే పనే లేదు," అంది. ఆ రోజు లేచి ఉంటే చెట్టు ఉండేది. హనుమక్క ఈ మాటను తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుంది. ఎవరైనా పైకి అంటే, కాదని తిరగబడి ఉండేదేమో. ఎవరూ అనకపోవడంతో అది లోపలే ఉండిపోయింది.

పెద్దక్క నీళ్లకు లేచింది. నీళ్లు పోసేది అంజనమ్మ. గొర్రెలు కాసే కురవల ఇంటి మనిషి. ఎవరికైనా చెంబెత్తి పైనుంచి దోసిట్లోకి ధార వదులుతుంది. పెద్దక్క ఎప్పటిలాగే కడవలకు అంత దూరంలో ఆగి, నడుం వంచి, దోసిలి పట్టింది. చెట్టు కింద ఆ దూరం సరిపోయేది. చప్పరం ఆకు మాత్రం గుంజలకు మూరెడు బయటికి వేలాడుతోంది. దాని నీడ పెద్దక్క నెరిసిన తల మీద పడింది. పెద్దక్కకు తెలియలేదు. తెలిసే వీలు లేదు. ఆ కాలి వేలికి పాకి వచ్చే నీడ తెలుసు. ఈ నీడ పాకి రాదు. ముందుగానే వచ్చి కూర్చుని ఉంటుంది.

"పెద్దక్కా," అంది అంజనమ్మ, చెంబు ఎత్తి పట్టుకునే. "కొంచెం బయటికి నిలబడు. వాళ్లు చూస్తాండారు."

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదని హనుమక్కకు తర్వాత అనిపించింది. పెద్దక్క వంగినది వంగినట్టే ఉంది. అంజనమ్మ చేయి అప్పటికే వంగడంతో ధార పడింది. దోసిలి వేళ్లు విడిపోయి ఉన్నాయి. నీళ్లన్నీ వాటి సందుల్లోంచి కారి మట్టిలో ఇంకిపోయాయి. పెద్దక్క నడుం ఎత్తి, తడిచేతులు కొంగుకు కాకుండా ముఖానికి తుడుచుకుని, తాగకుండానే వెనక్కి వచ్చింది.

ఆ దినమంతా ఆమె మాట్లాడలేదు. మరుసటి దినమూ మాట్లాడలేదు. కోడలిని తిడుతుందేమోనని హనుమక్క ఎదురుచూసింది. తిడితే ఇద్దరికీ కొంత తేలికవుతుందని చూసింది. పెద్దక్క గంపలకు గరుసు లాగుతూ, ఉన్నట్టుండి చేయి ఆపి, తన పాదాల వైపు చూసుకునేది. చాలాకాలం నమ్మిన మనిషి మోసం చేస్తే చూసినట్టుండేది ఆ చూపు.

మానుకు అంటుకుని ఉన్న ఆకైతే ఎండకు ఎదురు నిలుస్తుంది. తెగిన ఆకు నిలవదు. మూడో దినానికి చప్పరం మీది కానుగ ముడుచుకుపోయింది. నాలుగో దినానికి గాలి వస్తే గలగలమంది. కింద నీడ నిండా చిల్లులు. ఊరివాళ్లు ఎండపొడ తగలని చోటు వెతుక్కుని అటూ ఇటూ సర్దుకుంటున్నారు. లక్ష్మీనరసమ్మ కొడుకు ఉయ్యాలలో ఏడుస్తుంటే ఆమె ఉయ్యాల మీద తన కొంగు కప్పింది. ఆమె కళ్లు ఒకటి రెండుసార్లు తంగేడు పొద వైపు వచ్చి, హనుమక్క కళ్లకు తగిలి, పక్కకు తప్పుకున్నాయి.

ఆ మధ్యాహ్నం పిల్ల ఏడవడం మానేసింది. ఈల ఊదగానే హనుమక్క గంప దించి చీర చివర ఎత్తి చూసింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. వేలితో పెదవులు తాకితే నోరు తెరవలేదు. నడినెత్తిన వేలు పెట్టింది. తీసి, మళ్లీ పెట్టింది.

"అత్తా."

పెద్దక్క వచ్చి చూసింది. ఆమె చేయి కూడా పిల్ల తల మీద చాలాసేపు ఉంది. తర్వాత పిల్లను గోనెపట్టతో సహా ఎత్తుకుంది. హనుమక్క చేతులు చాచింది గానీ ఇవ్వలేదు.

"ఆస్పత్రికి పోదామత్తా."

"బస్సు మూడుకు గదా. అంతవరకు ఈ ఎండలో ఉంటాదా ఇది?"

అలా అని పెద్దక్క నడిచింది. తూర్పుకు కాదు. నేరుగా చప్పరానికి నడిచింది. హనుమక్క ఖాళీ గంప చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అత్త ఎటు పోతోందో చూస్తూ ఉంది కానీ నమ్మలేదు. తూర్పు పక్క సత్తుగిన్నెల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. పెద్దక్క వేలాడే ఆకు కింద కొద్దిగా తల వంచి, లోపలికి పోయి, గుంజ పక్కన చిల్లులు లేని చోటు చూసి, గోనెపట్ట పరిచి, పిల్లను పడుకోబెట్టి, తను కూర్చుంది. కాళ్లు ముందుకు చాపుకుంది.

దగ్గర ఉన్నవాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకున్నారు. అంజనమ్మ చెంబును కడవ మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. లక్ష్మీనరసమ్మ పిల్ల ముఖం చూసింది, మొగుడి వైపు చూసి, కొడుకు ఉయ్యాల మీది కొంగు సర్దింది. అందరూ గంగాధరప్పను చూశారు. అతను తింటున్న చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, వీలైనంత మెల్లగా వచ్చాడు.

"ఏమే పెద్దక్కా, ఇదేం పని?"

"పిల్లకు బాగలేదు సామీ. నీడ కావల్ల."

"కావల్ల. కాదన్న్యా నేను? అయితే... నీకు తెలీనిది ఏముండాది. పెద్దదానివి."

"ఇన్నాళ్లూ తెలిసింది సామీ. ఇప్పుడు తెలీల్యా." పెద్దక్క గొంతులో వేడుకోలు లేదు, కోపమూ లేదు. అంగట్లో సరుకు ధర అడిగినట్టు మాట్లాడుతోంది. "మొన్న ఒగసారి చెప్పించుకున్న్యా. సిగ్గు పోయింది. ఇంగ ప్రతిసారీ చెప్పండి మీరు. నోటితో చెప్పండి. వింటా."

గంగాధరప్ప వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ అతని కళ్లలోకి చూడలేదు.

"లేయ్," అన్నాడు. ఆ మాట అతను అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది.

"లేస్తా సామీ. నువ్వు చెప్తే లేయకుండా ఉంటానా. లేసి యాడికి పోవల్లో అది గూడా చెప్పు."

గంగాధరప్ప చేయి అలవాటుగా లేచింది. తూర్పుకు, వాడవాళ్లు రోజూ కూర్చునే వైపుకు లేచింది. అక్కడ ఎర్రటి నేల ఉంది, దాని మీద రెండు పిడికిళ్ల మాను ఉంది, మాను కింద గడ్డపారంత నీడ ఉంది. అది దాటితే కనుచూపు దాకా ఎండ. చాచిన వేలు దేన్నీ చూపించలేక అలా గాలిలో ఉండిపోయింది. మేస్త్రీ దాన్ని దించనూ లేదు.

చప్పరం మీది నుంచి ఒక ఎండుటాకు తిరుగుతూ వచ్చి పిల్ల ఎద మీద పడింది. కొంతసేపు కదలకుండా ఉంది. తర్వాత కొద్దిగా పైకి లేచి, కిందికి దిగింది. ఊపిరి ఆడుతోంది.

హనుమక్క గంప కింద పెట్టింది. మోకాళ్లు ఇప్పుడు తను ఎటు పొమ్మంటే అటు పోతాయని ఎందుకో తెలిసి, చప్పరం వైపు అడుగేసింది. పెద్దక్క మేస్త్రీ చేతి వైపే చూస్తూ, జవాబు కోసం కూర్చుని ఉంది. నీడలో ఉన్న ఆమె కాలి బొటనవేలు కదలలేదు.